లోపలి నుంచి చెమర్చే అద్దాలు

"ఆ బండిలో మా ఆయన ఊపిరి తీసుకుంటన్నాడమ్మా. నువ్వే సూడు," అంది గురమ్మ.

అప్పుడప్పుడే తెల్లవారుతోంది. విజయనగరం ఊరి చివర, నగరేశ్వరరావు గారి పాత బళ్ల యార్డులో నిలబడి ఉన్నాం. మాఘమాసపు మంచుకి బళ్లన్నీ పైన తడిసి ఉన్నాయి. ఒక్క బూడిదరంగు పికప్ బండి అద్దాలు మాత్రం లోపలి నుంచి చెమర్చాయి. బయట చేత్తో తుడిచి చూశాను. మసక చెక్కుచెదరలేదు. లోపలి వైపు నీటిబొట్లు ఒకదానికొకటి కలిసి సన్నగా కిందికి జారుతున్నాయి. తలుపులకి తాళాలు వేసి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. అయినా రాత్రంతా ఎవరో డ్రైవరు సీట్లో కూర్చుని ఊపిరి వదిలినట్టే ఉంది.

"రోజూ ఇంతేనమ్మా," అన్నాడు వాచ్‌మన్ గంగులు, నాలుగు బారల దూరంలోనే ఆగిపోయి. "మిగతా బళ్లకి నేదు. దీనికే. నానైతే తెల్లారేదాకా ఇటేపు రాను."

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఉంటే ఈ వృత్తిలోకి వచ్చేదాన్నే కాదు. కానీ అబద్ధమెందుకు, ఆ క్షణాన ఒళ్లు జలదరించింది.

నా పేరు అనూరాధ. చాలా ఏళ్లు బీమా కంపెనీల తరఫున ప్రమాదాలైన బళ్లు సర్వే చేసి, వాళ్లతో పడక బయటికొచ్చి, విజయనగరంలో డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాను. గురమ్మ నా క్లయింటు. భావనపాడులో చేపలమ్ముకుంటుంది. తిత్లీ తుఫాను రాత్రి ఆమె మొగుడు గోవింద్, చేపల వ్యాపారి నరసింగరావు పికప్ బండిలో ఐసు పెట్టెలు వేసుకుని ఇచ్ఛాపురం వైపు వెళ్లాడు. మళ్లీ రాలేదు. బండీ రాలేదు. ఒడిశాలో బండి అమ్ముకుని పారిపోయాడని వ్యాపారి కేసు పెట్టాడు. బీమా కంపెనీ విచారణ చేసి ఔనంది. దాంతో గురమ్మ ఊళ్లో దొంగ పెళ్లాం అయిపోయింది.

"దొంగ అన్నా పడతానమ్మా," అంది నా దగ్గరికి వచ్చిన మొదటి రోజున. "ఉన్నాడో, పోనాడో సెప్పు. ఈ గాజులు ఉంచాలో తియ్యాలో తెలీక సస్తన్నాను." మగవాళ్లు నాకు చెప్పే కష్టాల్లో సగం నటన ఉంటుంది. ఈమె మాటలో అదేమీ లేదు. అందుకే ఒప్పుకున్నాను.

ఈ బండి దగ్గరికి వచ్చిన దారి వేరు. భావనపాడు మత్స్యకార సంఘానికి ఒక బండి కావాలి. బోట్లని ఇసుక మీదికి లాగడానికీ, మరమ్మతుకి ట్రాలీ మీద టెక్కలి దాకా లాక్కెళ్లడానికీ. కొత్తది కొనే స్తోమతు లేదు కాబట్టి పాతదే చూసుకోవాలి. మొన్న తెల్లవారుతూనే సంఘం వాళ్లతో పాటు గురమ్మ కూడా యార్డుకి వచ్చింది, ఆమెకీ ఒక బోటులో వాటా ఉంది గనక. ఇది గోవింద్ నడిపిన రకం బండే, రంగు మాత్రం వేరు. ఈ అద్దాలు చూసి వెనక్కి తిరిగి నేరుగా మా ఆఫీసుకి వచ్చింది.

ఎండెక్కేసరికి మిగతావాళ్లు దిగారు. సంఘం పెద్ద జోగయ్య. అతనితో నాగబాబు, గోవింద్‌కి పినతండ్రి కొడుకు. అయిదేళ్లు దుబాయ్‌లో డ్రైవరుగా చేసి తిత్లీకి ముందే తిరిగొచ్చాడు, బళ్ల సంగతి తెలిసినవాడని సంఘం వాళ్లు వెంట తెచ్చుకున్నారు. నవ్వు మొహం, శుభ్రమైన చొక్కా. గురమ్మని "వదినా, టిఫిను తిన్నావేటి?" అని పలకరించాడు.

యార్డులో వాళ్లు చూసుకున్న బళ్లు మూడు. తెల్లది చూపులకి బాగుంది కానీ కిందికి దూరి చూస్తే చాసిస్ మధ్యలో అతుకు ఉంది. బరువు తగిలించి లాగితే అక్కడే విరుగుతుంది. ఎర్రది గట్టి బండి, ధర మాత్రం వీళ్లకి అందదు. మూడోది ఈ బూడిదరంగుది. వెనక బరువు మోసే కమాన్ కట్టలకి అదనంగా రెండు పట్టీలు వేయించారు, కింద దిట్టమైన హుక్కు ఉంది, ధర అన్నిటికంటే తక్కువ. పాత బండిని ఎంచుకోవడం పెళ్లిచూపుల్లాంటిదే. పౌడరు రాసిన మొహం కాదు చూడాల్సింది.

"లాగుడికి ఇదే మంచిదమ్మా," అన్నాడు జోగయ్య.

"వద్దు మావా," అన్నాడు నాగబాబు వెంటనే. "దయ్యం బండని ఆ గంగులే సెప్తన్నాడు. తెల్లది తీసుకుందాం."

దుబాయ్‌లో బళ్లు నడిపినవాడు అతుకుపడ్డ చాసిస్‌ని ఎందుకు మెచ్చుకుంటున్నాడో నాకు అర్థం కాలేదు. పైకి ఏమీ అనకుండా తాళంచెవి తెప్పించి తలుపు తీశాను. మగ్గిన వాసన గుప్పున కొట్టింది. సీట్లకి కొత్త రెక్సిన్ తొడిగారు. కుట్టు దగ్గర బ్లేడుతో చిన్న గాటు పెట్టి లోపలి స్పాంజిని నొక్కాను. వేళ్లు తడిశాయి. నాలిక మీద పెట్టుకుని చూశాను. ఉప్పు.

"మేడమ్, ఇప్పుడు దయ్యాల కేసులు కూడా తీసుకుంటున్నారా?"

ఆ గొంతు నాకు తెలుసు. ప్రమోద్. విశాఖపట్నం నుంచి వచ్చే బీమా విచారణాధికారి. గోవింద్ పారిపోయాడని రిపోర్టు రాసిన ఘనుడు ఈయనే. నిన్న ఇంజన్ నంబరు కోసం కంపెనీకి ఫోను చేస్తే, నంబరు ఇవ్వకుండా తానే కారేసుకుని దిగాడు. ఇస్త్రీ చొక్కా, చలువ కళ్లద్దాలు, మనుషుల్ని ఎడమచేత్తో పలకరించే పద్ధతి. ఈ మనిషిని చూస్తే నాకు వంటింట్లో బొద్దింకని చూసినట్టుంటుంది.

"దయ్యం కాదు, ఉప్పునీళ్లు," అన్నాను. "ఉప్పు తాగిన స్పాంజి ఎన్ని ఎండలకి పెట్టినా ఆరదు. పగటి వేడికి ఆవిరి పైకి లేస్తుంది, తెల్లవారుజాము చలికి అద్దాలకి పడుతుంది. ఈ బండి సముద్రపు నీళ్లలో చాన్నాళ్లు మునిగి ఉంది."

"మునిగిన బళ్లు సవాలక్ష. నరసింగరావు బండి నంబరు వేరు. నేను చూసుకునే వచ్చాను."

"చాసిస్ మీద అంకెలు చూశారా? చుట్టూ ఇనుము పొరలు పొరలుగా తుప్పు తినేసింది. అంకెలున్న జానెడు మేర మాత్రం నున్నగా ఉంది. అరగదీసి మళ్లీ కొట్టారు."

"ఊహ."

ఊహో కాదో తేల్చుకుందామని వెనక్కి వెళ్లి హుక్కు మీది నల్లరంగు గీకాను. లోపల కంపెనీ ఇనుము లేదు. వంపు తిరిగిన, సమ్మెట దెబ్బలు పడ్డ పాత ఇనుము బయటపడింది. జోగయ్య వంగి చూశాడు. చూసినవాడు లేవలేదు, అలాగే చతికిలబడ్డాడు.

"ఓలమ్మో! ఇది మా లంగరు కొమ్మే. మా పాత బోటు లంగరు ఇరిగిపోతే గోవిందుకి నానే ఇచ్చినాను. యజమానికి తెలీకుండా మా బోట్లు లాగెట్టీవోడు ఈ హుక్కుతోటే."

"లంగర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి మావా," అన్నాడు నాగబాబు.

"ఈ కొమ్మకి సమ్మెట ఏసింది నానురా. నా దెబ్బ నాకు తెలీదేటి?"

గురమ్మ బండి వెనక తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. జ్వరమొచ్చిన బిడ్డ ఒంటి మీద చెయ్యి పెట్టినట్టు పెట్టింది.

ప్రమోద్ మొహం ఒక్క రవ్వ ఎర్రబడింది, అంతే. ఓడిపోయాడని నేననుకునేలోపే ఇంకో మెట్టెక్కాడు. "సరే, అదే బండి అనుకుందాం. బండి తీసుకుని పారిపోతూ ఏ వాగులోనో పడ్డాడు. ఈదుకుంటూ బయటపడ్డాడు. జాలరివాడికి ఈత నేర్పాలా? బరంపురం బస్టాండులో చూసినవాళ్లున్నారు. దొంగ దొంగే."

ఇందులో తర్కం ఉంది. అదే నాకు ఒళ్లు మండించింది. మళ్లీ క్యాబిన్‌లోకి దూరాను.

పాత బళ్లు చూసేటప్పుడు నేనొక పని చేస్తాను. సీటు బెల్టుని పూర్తిగా బయటికి లాగి చూస్తాను. బండిని కడిగేవాళ్లు పైకి కనబడేంతే తుడుస్తారు, డబ్బాలోకి చుట్టుకుపోయిన భాగం జోలికి ఎవరూ పోరు. ముందు పక్కసీటు బెల్టు లాగాను. పైన కడిగిన మేర వెలిసిపోయి ఉంది. లోపలి నుంచి వచ్చింది మాత్రం కొత్తదానిలా నల్లగా ఉంది. నీళ్లలో ఉన్నన్నాళ్లూ అది డబ్బాలోనే బిగుతుగా చుట్టుకుని ఉందన్నమాట, బురద చొరబడలేదు.

తరవాత డ్రైవరు బెల్టు లాగాను. కరకరమంటూ వచ్చింది. మూర పొడవున ఎండిన బూడిదరంగు బురద నా ఒళ్లో పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇంకా లాగాను. ఒక మనిషి భుజం మీంచి నడుము దాకా ఎంత పట్టి ఉంటుందో సరిగ్గా అంతవరకూ బురద, ఆపైన శుభ్రం. లాకు వైపు చూశాను. పక్కసీటుది పాతది, తుప్పు పట్టింది. డ్రైవరుది మాత్రం కొత్తది.

చెయ్యి కడుక్కోవాలనిపించింది.

"ప్రమోద్ గారూ, ఇటు రండి. బండి మునిగినప్పుడు ఈ బెల్టు డబ్బాలో లేదు. బయట ఉంది. ఒక మనిషి చుట్టూ ఉంది. మునగడమే కాదు, బురద పేరుకునే దాకా అలాగే ఉంది. మీవాళ్లు బస్టాండులో చూశామన్న మనిషి ఇక్కడి నుంచి లేవలేదు."

ఆయన లోపలికి వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాడు. "అయితే బెల్టు ఊడక మునిగిపోయాడు. ప్రమాదం," అన్నాడు నెమ్మదిగా.

"కాదు బాబూ."

అన్నది గురమ్మ. ఎప్పుడొచ్చిందో, తలుపు పట్టుకుని నిలబడి ఉంది. కన్నీళ్లు లేవు.

"మా ఆయన ఇది కట్టుకోడు. మావోళ్లు ఎవులూ కట్టుకోరు. సముద్రం మీద పుట్టినోడు ఒంటికి తాడు సుట్టుకోడు బాబూ. బోటు తిరగబడితే ఆ తాడే సంపేస్తాది. పోలీసోళ్లు టెక్కలి కాడ ఆపితే సొమ్ము కట్టీవోడు గానీ ఇది మాత్రం కట్టుకునీవోడు కాదు. ఇది ఆయన కట్టుకున్నది కాదు. ఎవులో కట్టినారు."

బోటు మనుషులు తమ ప్రాణం కాపాడుకోవడానికి నేర్చుకున్న అలవాటు ఇది. చంపినవాడు దీన్ని మరిచిపోయాడు. శవం పైకి తేలకూడదని కట్టాడో, ప్రమాదంలా కనబడాలని కట్టాడో, మొత్తానికి కట్టేశాడు.

"గురమ్మా, మొదటి రోజే అడగాల్సింది, ఆ రోజు సాయంత్రం గోవింద్ నీకు ఫోను చేశాడా?"

"సేసినాడు. ఐసు పెట్టెల్లో సేపలు నేవే, ఇంకేటో ఉన్నాది, తిరిగొచ్చినాక టెక్కలి స్టేషన్లో సెప్పేస్తాను అన్నాడు. నాను బయపడ్డాను. బయమేటే, మనోడొకడు తోడున్నాడు అన్నాడు."

"మనోడంటే ఎవరు?"

"పేరు సెప్పనేదు. గాలికి ఫోను కట్టయిపోనాది."

"ఈ మాట పోలీసులకి చెప్పావా?"

"ఎవులడిగినారమ్మా నన్ను? దొంగ పెళ్లాన్ని."

నేను ప్రమోద్ వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. బండి వెనక నాగబాబు ఇసుక బస్తాలు వేసిన ట్రాలీని తెచ్చి, దాని గొలుసు హుక్కుకి తగిలిస్తున్నాడు. "లాగుడు సూసేద్దాం మావా, మాటల్తో ఏటవుతాది," అంటున్నాడు జోగయ్యతో. దయ్యం బండి వద్దన్నవాడికి ఇప్పుడిది నడిపి చూడాలనిపించింది. నేను అప్పుడే ఆగి ఆలోచించాల్సింది. నా తొందరంతా యార్డు ఓనరు మీద ఉంది.

నేను ఆఫీసు గదివైపు నడుస్తుంటే గురమ్మ అడిగింది, "ఒక్కసారి లోపల కూకోవచ్చా అమ్మా? ఆయన పక్కని."

కాదనలేక తలూపాను.

నగరేశ్వరరావు గారు దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించి కూర్చున్నారు. నుదుటన నిలువుబొట్టు, చేతిలో కాఫీ గ్లాసు. తరాల నాటి వ్యాపారస్తుల కుటుంబం. మనిషి మర్యాదస్తుడే. నాకూ ప్రమోద్‌కీ కుర్చీలు చూపించారు. జోగయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"రావుగారూ, ఆ బూడిదరంగు బండి ఎక్కడిది?"

"బరంపురం బ్రోకరు తెచ్చాడు తల్లీ. కాయితాలన్నీ సవ్యంగానే ఉన్నాయి."

"ఏ నీళ్లలోంచి తీశారో కాయితాల్లో రాశారా?"

గ్లాసు బల్లమీద పెట్టేశారు. "తుఫాను బండి అని తెలుసు. దాచాను. అది తప్పే. వ్యాపారం కదా తల్లీ."

"డ్రైవరు బెల్టు లాకు ఎవరు మార్చారు?"

"నేనే మార్పించాను. పాతది కోసేసి ఉంది."

"ఎవరు కోశారు? ఎందుకు కోశారు?"

ఆయన పటం వైపు చూశారు. ప్రమోద్ కుర్చీలో ముందుకి వంగాడు. మొదటిసారి మేమిద్దరం ఒకే వైపు ఉన్నాం.

"పోలీసుల ముందు చెబుతారా, ఇక్కడ చెబుతారా?" అన్నాడు.

"చెప్తాను బాబూ. నాకూ నిద్ర పట్టడం లేదు." గొంతు తగ్గించారు. "ఇచ్ఛాపురం అవతల, బాహుదా ఏరు సముద్రంలో కలిసే చోట దొరికిందట. నీళ్లు తీశాక పైకప్పు కనబడితే తాళ్లేసి లాగారట. లోపల... సీట్లో మనిషున్నాడట. మనిషంటే మనిషి రూపు లేదు. లాకు తుప్పుపట్టి ఊడకపోతే కోసి తీశారట. పోలీసులకి చెబితే బండి చేతికి రాదని, ఆ గట్టు మీదే సరుగుడు తోటలో కప్పెట్టేశారట. నాకు కొన్నాక చెప్పాడు బ్రోకరు. అప్పటినుంచి ఈ అద్దాలు చూస్తే..."

జోగయ్య గుమ్మానికి తల ఆనించి ఏడుస్తున్నాడు. ముసలివాడు, చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు.

అయితే గోవింద్ దొంగ కాడు. పారిపోలేదు. ఆ మాట గురమ్మకి నేనే చెప్పాలి. ఇన్నాళ్లూ ఆమె అడిగినది ఇదే. తీరా దొరికాక, ఆ గుమ్మం దాటి ఆమె మొహం చూడటాన్ని వాయిదా వేస్తూ కుర్చీలోనే కూర్చున్నాను.

ప్రమోద్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "నా రిపోర్టు తప్పు. ఒప్పుకుంటున్నాను," అన్నాడు. అలాంటి మాట ఆయన నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. వెంటనే పాత ప్రమోద్ తిరిగొచ్చేశాడు. "కానీ మేడమ్, మీ సిద్ధాంతంలో ఒక చిల్లు ఉంది. స్పృహలో లేని మనిషిని కదలకుండా ఉంచాలంటే ఈ జిల్లాలో ఎవడైనా తాడు తీస్తాడు. అది చేతికి అలవాటు. బెల్టు ఎవడికి గుర్తొస్తుంది? శ్రీకాకుళం జిల్లాలో బండెక్కగానే బెల్టు మీదికి చెయ్యి పోయేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి."

మంచి ప్రశ్న. నేను వేసుకోవాల్సిన ప్రశ్న.

జోగయ్య కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. "ఒకడున్నాడు బాబూ. మా నాగబాబు. దుబాయిలో అది కట్టకపోతే జరిమానా అంట. అప్పుడినించీ ఏ బండెక్కినా కట్టకుండా తాళం తిప్పడు. పక్కని కూకున్నోళ్లకి కూడా ఆడే ఒంగి కట్టేస్తాడు. మేం నవ్వుతాం."

అని, తనన్న మాట తనకే వినబడ్డట్టు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

మనోడొకడు తోడున్నాడు.

నేను కుర్చీ తోసుకుని లేచాను. కుర్చీ వెనక్కి పడింది. ఇంతసేపూ బయట ఇంజన్ చప్పుడు వినబడుతూ ఉంది, లాగుడు పరీక్షే కదా అనుకున్నాను. ఇప్పుడది వినబడటం లేదు.

యార్డులో ఇసుక బస్తాల ట్రాలీ ఎక్కడిదక్కడే ఉంది. దాని గొలుసు విప్పి, నేల మీద పొందిగ్గా చుట్టపెట్టి ఉంది. బూడిదరంగు బండి నిలబడ్డ చోట రెండు తడి చక్రాల గుర్తులు గేటు దాకా వెళ్లాయి. గురమ్మ చెప్పులు అక్కడే ఉన్నాయి. లోపల కూర్చోడానికి గుళ్లోకి వెళ్లినట్టు చెప్పులు విడిచి ఎక్కింది.

ప్రమోద్ అప్పటికే కారు తాళంచెవి తీసి పరిగెడుతున్నాడు. నేను గేటు దగ్గర గంగులు భుజం పట్టుకుని ఊపాను.

"బండేది? ఆవిడేది?"

"ఇప్పుడే ఎల్లినారమ్మా. సింతపల్లి సముద్రం రేవుకి దారెటని అడిగినాడు, సెప్పినాను." నా కంగారు చూసి గంగులు నన్ను సముదాయించబోయాడు. "బయమేటీ నేదమ్మా. ఆయమ్మ దిగిపోతానంటే బుజ్జగించి కూకోబెట్టి, తనే ఒంగి బెల్టు కట్టి మరీ తీసికెళ్లినాడు. జాగర్త గల మనిషి."